పదకొండో గడి

ఫారంలో పదకొండో గడి: కారణం.
రెండు వేళ్లు ఆనిస్తే నిండిపోయేంత జాగా.
పిల్లగాని పేరు బయట పెట్టొద్దని చట్టం,
అందుకే వాడిక్కడ ఒక నెంబరు.
బక్కమ్మకు మాత్రం బుడ్డోడు.

నేను దుబాసిని.
చంద్రపూర్‌ల, ఫ్యాను తిరగని గదిల
ముసలామె తెలుగును మరాఠీలకు,
వాళ్ల మరాఠీని ఆమె చెవిలకు మోసే కూలిని.
రోజుకింత. చాయ్ వేరే.

మడావి సార్ మంచోడు.
నాగపూర్ ట్రైనింగుల రాసుకున్న నోటుబుక్కు తెరుస్తడు.
అటక మీద మిఠాయి చూపించి నిచ్చెన గుంజేస్తే
పిల్లలు గోడలెక్కుతరట.
నిజమే,
సెల్‌ఫోన్ల దుకాణం అద్దం బడి తొవ్వలనే మెరుస్తది.
తప్పు కూడా పాఠమేనట, చెప్పేటోడు దొరకాలెనట.
లెక్కల మాస్టరు జులైల పోయి మళ్ల రాలే,
పప్ప్యా ఒక్కరోజు నాగా పెట్టలే.
కట్టేసే దారం లేకుంటే తెగిన పతంగేనట.
తల్లి మిర్చి తెంపుడుకు వార్ధా దాటి పోయింది,
తండ్రి బస్తీలనే ఉన్నడు, ఉన్నడంటే ఉన్నడు.

ఒక్కో సిద్ధాంతం వచ్చి వాణ్ణి ఎత్తుకుంటది
పెండ్లికొచ్చిన చుట్టాల లెక్క.
ముక్కు మాది, నొసలు మాది, నడక మాది.
ఎత్తుకున్నోళ్లెవరూ ఇంటికి తీస్కపోరు.

"దొంగతనం చేసిండా?" అడిగిండ్రు బెంచి మీదోళ్లు.
బక్కమ్మ అన్నది:
"దొంగిలించలే సారూ, తెచ్చిండు."

అక్కడ ఆగిపోయిన.

మా బల్లార్షా లైను పక్క గుడిసెలల్ల
బొగ్గును ఎవరూ దొంగిలించరు, ఏరుకొస్తరు.
సిగ్నల్ కాడ గూడ్సు మెల్లగైతది,
ఒకడు ఎక్కి తంతడు, కింద చెల్లెండ్లు గోనె నింపుతరు.
తెల్లారి అన్నం ఉడుకుతది.
ఆ ఉడుకుడును ఏ భాషల ఏమంటరో
ఎవ్వరూ ఎన్నడూ అడగలే.
మొన్న కేబులు కోసిన నాడు
అదే చెయ్యి, అదే సంచి, ఇంట్ల అదే మాట.
లోపల రాగి ఉండె, అంతే తేడా.

చెప్పకూడదు గానీ,
పదకొండేండ్లప్పుడు నా నెత్తి మీద కూడా ఒక సంచి ఉండె.
రైల్వే పోలీసు మా నాయన గని కార్డు చూసి
"పో బిడ్డా, చీకటైతుంది" అన్నడు.
నా ఎనుక లక్కు ఉండె. వానికి కార్డున్న నాయిన లేడు.
వానికి పర్చీ రాసిండు.
ఆ సోమవారం హాజరీల సార్ నవ్వుకుంట పిలిచిండు: చోర్.
పెరుగుతడని వదులుగ కుట్టించిన అంగీ లెక్క
ఆ పేరు సరిపోయేదాక వాడు పెరిగిండు.
నేను దుబాసినైన.
ఈ సంగతికి నోటుబుక్కుల పేజీ ఉంటే ఉండొచ్చు,
సార్ అక్కడిదాక రాలే, డబ్బా తెరిచే యాళ్లయింది.

బుడ్డోడు నా నోటి దిక్కే చూస్తుండు.
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, పట్టాల కాడ హిందీ,
వానికి మూడూ వచ్చు.
దుబాసి అక్కర లేదు వానికి.
నేను ఏ మాట ఏరుతనో చూస్తుండు.

"ఆణ్‌లం" అన్న. తెచ్చిండు.
క్లర్కు తల ఎత్తలే.
చోరీ అని ముందే రాసి పెట్టిండు.
పదకొండో గడిల మడావి సార్
"చెడు సావాసం" అని మొదలువెట్టి
అక్షరాలు చిన్నగ చేసి
"గరీబీ" కూడా ఇరికించిండు.

తారీఖు వాయిదా పడ్డది.
బక్కమ్మ నా కొంగు గుంజింది:
"ఆ గోనెసంచి కేసుల పెట్టిండ్రు గదా బిడ్డా,
అది రేషన్ సంచి, ఒక్కటే ఉంది. ఇస్తరా, అడుగు."

అడగాలె.
ఎక్కడ మొదలుపెట్టాలె?