చేతి యాస

చీపురుపల్లి సబ్‌స్టేషన్లో
నేను ఏఈగా ఉన్న రోజుల్లో
కరెంటు పోతే ఊరంతా నన్ను తిట్టేది.
నాకు అప్పుడే చెవులు తెరుచుకునేవి.

ట్యూబులైట్ల చిటపట, రైసు మిల్లు గరగర,
ట్రాన్స్‌ఫార్మర్ల మూలుగు
అన్నీ ఒక్క దెబ్బకి ఆరిపోయి,
లారీ బ్యాటరీ మీద నా రిసీవరు ఒక్కటే మేలుకుని ఉండేది.
నలభై మీటర్ల బ్యాండు
కళ్ళాపి చల్లిన వాకిలిలా పరుచుకునేది.
పగలు ఊరికి పంచిన గోలని
రాత్రి జల్లెడ పట్టుకునేదీ నేనే.

ఒకసారి ఆ గోల వెంటే
ట్రాన్సిస్టరు చెవిన పెట్టుకుని నడిచాను.
వెనక టార్చితో లైన్‌మన్ అసిర్నాయుడు:
"పాటల్రావు, వార్తల్రావు, ఏటింతన్నారు బాబూ?"
గరివిడి దారిలో పదిహేడో స్తంభం కింద
బుర్రుమంది.
నెర్రె విచ్చిన పింగాణీ కప్పు.
మర్నాడు మార్చాం.
రిజిస్టర్లో 'గస్తీలో కనబడినది' అని రాశాను.
వినబడినది అని రాయడానికి గడి లేదు.

విశాఖలో పాతసామాన్ల కొట్టు,
తూకానికి కొన్న మిలిటరీ వాల్వులు.
పౌడరు డబ్బా మీద చుట్టిన కాయిలు.
బొబ్బిలిలో వీణలు చేసే ఆయన
మిగిలిన పనస ముక్క ఇస్తే
దాని మీద బిగించాను మోర్సు మీట.
మీటడమంటే ఏమిటో ఆ చెక్కకి ముందే తెలుసు.

తాటిచెట్ల నడుమ కట్టిన తీగ మీద, వంగిన కొసన,
వరాలు ఓనాడు తడిచీర ఆరేసింది.
సైబీరియా మాయమైంది.
రెండు రోజులు మాటల్లేవు మాకు.

ట్రైనింగుకి హైదరాబాదు వెళ్తే
నేను "ఏటి" అనగానే మెస్సులో చెంచాలు ఆగేవి.
ఇంకోసారి అనమనేవారు.
మూడు నెలలు పుస్తకాల తెలుగు మాట్లాడి
దవడలు నొప్పెట్టి వచ్చాను.
మోర్సుకి యాస ఉండదు కదా,
చుక్కా గీతా ఎవరు కొట్టినా ఒకటే కదా
అనుకున్నాను.

ఓమ్‌స్క్ నుంచి గెన్నాదీ మూడోసారికే పట్టేశాడు.
సంకేతం సగంలో ఉండగానే
నా పేరు పెట్టి పిలిచాడు.
ఎలా తెలిసిందన్నాను.
చివరి గీత సాగదీస్తావు, అన్నాడు,
వెళ్తున్నవాణ్ణి గుమ్మంలో ఆపినట్టు.

అంత దాచుకున్నదీ
నాకంటే ముందే పోయి అక్కడ కూచుంది.

ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.
మూడు చుక్కల చోట నాలుగు పడుతున్నాయి.
సేలం కుర్రాడెవడో ఓపిగ్గా మళ్ళీ పంపమంటాడు.
గెన్నాదీ కూచునే చోట
రెండేళ్ళుగా ఒట్టి హోరు.

ఈ సాయంత్రం కరెంటు పోయింది.
వీధిలో ఎవరో కొత్త ఏఈని తిడుతున్నారు,
అమ్మాయంట, పాపం.
బ్యాటరీ తగిలించి, ఎవరికీ కాకుండా,
"ఏటి" అని కొట్టాను.
మోర్సులో ఇంత పొట్టి మాట దొరకడం కష్టం.
చుక్క.
గీత, బాగా సాగదీసి.
రెండు చుక్కలు.
మూడోది నేను వెయ్యలేదు,
చెయ్యి వేసింది.