దొంగ చలికాలం

నర్సాపురం ఐసు ఫ్యాక్టరీలో
పందొమ్మిదేళ్ళు దిమ్మలు లాగిన చేతులివి.
వేళ్ళ కొసలకి స్పర్శ సరిగా ఉండదు.
జేబులోది రూపాయి బిళ్ళో, రెండ్రూపాయలదో
తీసి చూస్తే గాని తెలీదు.

ఈ చేతుల్తోనే పెరట్లో ఆపిల్ మొక్క పాతాను.
కడియం నుంచి తెచ్చాను, బస్సులో ఒళ్ళో కూచోబెట్టుకుని.
"ఏం మొక్కండీ?" అన్నాడు కండక్టరు.
చెప్పాను.
సిద్ధాంతం వంతెన దిగేదాకా
నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి ఏడు ఆకులే. రెండో ఏడూ ఆకులే.
పుష్యమాసంలోనూ బనీనుతో తిరిగే ఊరు మాది,
ఎప్పుడు పడుకోవాలో
చెట్టుకి మాత్రం ఎవరు చెప్తారు?
అందుకని, డ్యూటీ దిగేటప్పుడు
విరిగిన ఐసు ముక్కలు గోనెలో మోసుకొచ్చి
మొదట్లో పేర్చేవాణ్ణి,
పైన ఊక కప్పేవాణ్ణి,
రొయ్యల బుట్టకి కప్పినట్టే.
మా వరహాలు గుమ్మంలోంచి అంది:
"కాస్త ఉప్పు కూడా చల్లు, నిలవుంటుంది."

అంటు కట్టిన పళ్ళాలమ్మకి ఫోన్ చేశాను.
"ఐసు కాదు బాబూ, ఆకు దుయ్యి.
ఒక్కటీ మిగలకూడదు.
నీళ్ళు మానెయ్.
చలికాలం వచ్చి వెళ్ళిందని
చెట్టుని నమ్మించాలంతే."

కార్తీకం వెళ్ళాక ఓ ఆదివారం దూశాను.
పచ్చటి ఆకులు, ఏ తప్పూ చెయ్యనివి.
ఒక్కోటి తెగినప్పుడు చిటుక్కుమనేది.
చెవికి తెలిసింది, వేళ్ళకి తెలీలేదు.

చుట్టూ కొబ్బరి, అరటి, కంద,
పచ్చగా ఉండటం తప్ప ఏమీ రాని పెరడు.
నడుమ ఇది, నాలుగు పుల్లలు.
ఏడుకొండలు గోడమీంచి తొంగి చూసి
"పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నాడు.
"పడుకుంది" అన్నాను.
గొంతు తగ్గించే అన్నాను, ఎందుకో.

మాఘంలో పూసింది.
కోడి ఈకతో పుప్పొడి అద్దింది వరహాలే,
ఆ పనికి నా వేళ్ళు చాలవు.
ఏడు పిందెలు.
గాలికి నాలుగు రాలాయి. ఒకటి ఉడత.
మిగిలిన రెండూ రోహిణి కార్తెలో కోశాం.
జామకాయంత. పసుపు.
ఎండ తగిలిన వైపు మాత్రం
గాజు గీరుకున్నంత ఎరుపు.

వరహాలు ఉప్పూకారం అద్దుకుని తింది.
"మావిడికాయకి సవితి చెల్లెలు" అంది,
రెండో ముక్క తీసుకుంటూ.
ఏడుకొండలు ఏమీ అనలేదు.
గింజ అరచేతిలో ఉమ్ముకుని, తుడిచి,
చొక్కా జేబులో వేసుకున్నాడు.

మళ్ళీ కార్తీకం వెళ్ళిపోతోంది.
చెట్టు నిండా ఆకు.
రాత్రి దిమ్మలు లాగుతుంటే అదే గుర్తొచ్చింది,
ఇంత నిజం చలి ఇక్కడ పెట్టుకుని
దానికి అబద్ధం చెప్పొచ్చానని.

ఈ ఆదివారం దుయ్యాలి.
ఈసారి ఒక్క కొమ్మ వదిలెయ్యమంటోంది వరహాలు,
చూడ్డానికి.
అలా వదలొచ్చో లేదో
పళ్ళాలమ్మని అడగాలి.