షట్టరు

కాసుబాబు మారేడుమిల్లి నుంచి తెచ్చిన కార్డులో
నూట నలభై మూడు జలపాతాలు.
అన్నీ ఒకలాంటివే. మోకాలెత్తు నీళ్లు, రెండు బండలు,
అడ్డంగా ఒక వెదురు కొమ్మ.
"పాలలా రావాలి మాణిక్యం" అని
బండికంటిన బురదైనా కడక్కుండా
రావులపాలెంలో పెళ్లుందని పోయాడు.

నేనెప్పుడూ కొండెక్కలేదు.
కొత్తపేట సెంటర్లో, కొబ్బరితాళ్ల కొట్టు మీద
పదడుగుల గదిలో కూర్చుని
ఆరేళ్లుగా పెళ్లికూతుళ్ల మొటిమలు చెరుపుతున్నాను,
చెమట పట్టిన మేనమామల్ని
తుడిచి తెల్లబరుస్తున్నాను.

మొదటి ఫోటో. వెలుగు మరీ ఎక్కువ పడింది,
నీటి నెత్తిన సున్నం కొట్టినట్టు. తగ్గించాను.
నాచు నల్లగా మునిగిపోయింది. నీడల్ని కాస్త పైకి లాగాను.
పచ్చ పెంచితే ప్లాస్టిక్ దండలా కూర్చుంది.
మళ్లీ వెనక్కి.
పచ్చంటే నాకు తెలిసింది ఊడ్చిన చేను పచ్చ,
అరటాకు వెనకవైపు పచ్చ,
కాలవని మింగే గుర్రపుడెక్క పచ్చ.
కొండ పచ్చలో కొంచెం నీలం ఉంటుందట.
చూసొచ్చినవాడి మాట నమ్మి
రెండు గీతలు నీలం వైపు జరిపాను.

ముప్పై ఏడో దాంట్లో
బండ పక్కన ఒక స్టీలు బిందె.
దాని మెడ పట్టుకుని ఒక చెయ్యి,
మోచేతి దాకా. మిగతా మనిషి ఫ్రేము బయట.
అర సెకను తెరిచి ఉంచాడు షట్టరు.
నీళ్లు పాలైపోయాయి,
ఆకులు ఊగి పొగలయ్యాయి,
చెయ్యి మాత్రం చెదరలేదు.
రెండు గాజులు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి అతుకుపడ్డది.
ఎన్నేళ్ల అలవాటైతే
అంత బరువు అంత నిలకడగా ఉంటుంది?

ఫోను చేశాను.
"చెరిపెయ్. రిసార్టు వాళ్లకి అడివి ఖాళీగా కావాలి."

పక్క రాయిని తెచ్చి బిందె మీద అద్దాను.
నాచు తెచ్చి వేళ్ల మీద.
గాజు ఉన్నచోట ఆకు.
పని బాగా కుదిరింది, అదే ఇబ్బంది.
ఎంత దగ్గరికి లాగి చూసినా
నాకే ఆనవాలు దొరకలేదు.

కరెంటు పోయింది.
ఫ్యాను ఆగాక వినపడింది, కింద ఎక్కడో నీళ్ల గోల.
రెండు నెలలు కట్టేసిన కాలవ ఇవాళ వదిలారు.

మెట్లు దిగి వెనక తోటలోకి వెళితే
తూము దగ్గర లస్కరు ఏసోబు తాత
తుప్పు చక్రం తిప్పుతున్నాడు.
"షట్టరెత్తుతున్నానమ్మా, కాస్త పక్కకి."
నవ్వొచ్చింది. ఎందుకో ఆయనకి చెప్పలేదు.

జానెడు ఎత్తు నుంచి,
కొబ్బరి నీడలో, కోకో మొదళ్ల మధ్య బోదెలోకి
మట్టిరంగు నీళ్లు దూకాయి.
ముందు ఎండు పుల్లలు, ఒంటి చెప్పు, గుట్కా పొట్లాలు,
బోర్లాపడ్డ కొబ్బరి చిప్ప,
ఆ తర్వాత నురగ,
ఆ తర్వాత నీళ్లు.

కొండవాగులన్నీ గోదాట్లో పడి
ధవళేశ్వరం దగ్గర కాసేపాగి
ఇటే రావాలి కదా.
ఇందులో ఏ గుక్కెడో
ఆవిడ బిందెకి పట్టగా మిగిలింది అయ్యుంటుంది.
అయ్యుండకపోవచ్చు కూడా.
నీళ్లకి నేను లేయర్లు విప్పి చూడలేను.

ఫోను తీశాను.
చక్రం మీద తాత చెయ్యి అడ్డొచ్చింది.
"జరగనా?"
వద్దన్నాను.

కరెంటొచ్చాక ఒక్కో అడుగూ వెనక్కి నొక్కాను.
ఆకు పోయి గాజొచ్చింది.
నాచు పోయి వేళ్లొచ్చాయి.
రాయి పక్కకి తప్పుకుని బిందెకి చోటిచ్చింది.

రిసార్టుకి మాత్రం ఖాళీ అడివే పంపాను.
నెల జీతం మనిషిని.
రెండోది వేరే ఫోల్డర్లో దాచాను.
పేరు అడిగింది. ఆవిడ పేరు నాకు తెలీదు.
"బిందె" అని కొట్టి
కిందే తాత చెయ్యి పెట్టాను.

ఇంకా నూట ఆరు ఉన్నాయి.