చిల్లు కెటిల్

లాబ్రడార్ తీరం. సముద్రం గడ్డకట్టిన నెల.
బడి వెనక గదిలో సిబిల్లా పాఠం.
పిల్లలు ముందు బెంచీల్లో,
సీలు వేటకెళ్లే తండ్రులు గోడకి చేరబడి,
బూట్ల మంచు కరిగి కాళ్ల కింద మడుగులు.

ఆమె తుపాకీ తేలేదు.
సంచీలోంచి పాత టీ కెటిల్ తీసి
బల్ల మీద పెట్టి నీళ్లు పోసింది.
ఇటొకటి, అటొకటి, రెండు ధారలు.

పిల్లలు పకపకా నవ్వారు.
నవ్వనిచ్చింది.

"మా అన్న అమోస్ దీనికి గురిపెట్టి
ఖాళీదేలే అన్నాడు.
అంతకుముందు నావైపు తిప్పినప్పుడూ
అదే మాట."

ధారలు సన్నబడి, చుక్కలై, ఆగాయి.

"ఖాళీ అన్నది నోటిమాట.
తూటా గది తెరిచి కంటితో చూడు, వేలితో తడుము.
చూశాక కూడా గొట్టం మనిషివైపు తిప్పకు.
చిన్నవాళ్లూ, మీకెక్కడైనా కనబడితే
ముట్టుకోకండి. పెద్దవాళ్లని పిలవండి."

మూడో బెంచీలోంచి బోయజ్, ఏడేళ్లవాడు:
"పెద్దవాళ్లే మంచం కింద పెట్టి మర్చిపోతే?"

గోడవారన ఒక్క దగ్గూ లేదు.
ఒకాయన మాత్రం టోపీ చేత్తోనే పట్టుకుని
తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

స్నోమొబైల్ మోత ఇళ్లవైపు దూరమయ్యేదాకా ఆగి
సిబిల్లా బల్ల తుడిచింది.