గోడకు పడ్డ గంటు

హన్మకొండలో మా కాలేజీ వర్క్‌షాపు
ఒకప్పుడు సైకిల్ షెడ్డు.
ఎండాకాలం ఆ రేకుల కింద
సుత్తె పిడికి కూడా చెమట పడుతది.
రెండు డ్రిల్లింగ్ మిషన్లు, ఒక లేతు,
ఎప్పుడూ అలిగి ఉండే త్రీడీ ప్రింటరు,
తాడుకు వేలాడే రిజిస్టరు.
దాని పెన్ను మాత్రం ఎవరో ఎత్తుకపోయిన్రు.

అన్నీ అందరియి.
అందరియి అంటే
ఎవరియీ కాదనుకునే రోజులు.

మా నాయిన సిరిసిల్లల సాంచాలు నడుపుతడు.
దారి తప్పి ఎగిరొచ్చిన నాడె
ఎప్పుడో ఆయన కుడి కనుబొమ్మకు తగిలింది.
అక్కడ వెంట్రుకలు మళ్ల మొలువలేదు.
నేను బస్సెక్కేనాడు రెండే మాటలు చెప్పిండు:
"చున్నీ సంచిల పెట్టు.
మిషన్ ఆగినంకనే చెయ్యి పెట్టు."
మూడో మాట ఉంటదని
నాకు అప్పుడు తెల్వదు.

ఫిబ్రవరి. ప్రాజెక్టు గడువు రేపు.
ఎనుమాముల యార్డుకు పోయే మిర్చి లారీలు
రోడ్డు పొడుగూతా ఘాటు వదిలిపోతున్నయి.
తుమ్ముకుంటనే ఇనుప పట్టీకి బెజ్జాలు వేస్తున్న.
బిట్టు మార్చి, చక్కు బిగిస్తుంటే
ఫోను మోగింది.
తాళం చక్కుకే వదిలేసి బయటికి పోయిన.
మాట్లాడుకుంట మాట్లాడుకుంట
హాస్టలుకే పోయిన.

చక్కు తాళం బొటనవేలంత ఇనుము.
ఆగిన మిషన్ల అది
ఏమీ ఎరుగనట్టు నిలబడుతది.
స్విచ్చి వేస్తే నాడె.

తెల్లారి స్విచ్చి వేసింది హుస్నా,
మొదటి సంవత్సరం, పరకాల పిల్ల.
చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది.
సున్నం రాలింది.
ఇంకేమీ కాలేదు.

ఇంకేమీ కాలేదని
ఎన్నిసార్లు అనుకున్ననో,
ప్రతిసారీ ఆ ఇనుము జానెడు పక్కకు జరిగి
ఆమె కంటి దగ్గర ఆగింది.

రిజిస్టర్ల ఆమె
సొంత పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో రాసింది:
"తప్పు నాది. ముందు చూసుకోలేదు.
గోడ పాడయింది. క్షమించగలరు."

ఓదెలు సార్, కాజీపేట లోకోషెడ్డుల
ముప్పై ఏండ్లు ఫిట్టరు,
ఎవరని అడగలేదు.
సుద్దముక్కతో గంటు చుట్టూ సున్నా గీసి
తారీఖు వేసి చాయ్‌కి పోయిండు.

మొదటి రోజు ఇంకో మిషన్ మీద పని చేసుకున్న.
రెండో రోజు రానే లేదు.
మూడో రోజు రిజిస్టరు తెరిస్తే
పెన్ను లేదు.
పెన్ను అడగడానికి
హుస్నా దగ్గరికే పోవలసి వచ్చింది.

ఆమె రాత కిందనే రాసిన:
"తాళం వదిలింది నేను. దూస వెన్నెల."
పక్కన నిలబడి చదివింది.
"మరి నేను చూసుకోవద్దా అక్కా?" అన్నది.
చూసుకోవాలె. నేనూ తియ్యాలె.
గొంతు దాటి ఆ మాట రాలేదు.

సార్ చదివి, స్ప్రింగు ముక్క ఒకటి
నా ముందట పడేసిండు:
"వదిలినా నిలబడకుంట చెయ్యి."
మొదటిది సన్నదైంది, నెట్టలేకపోయింది.
రెండోది తాళాన్ని బల్ల కిందికి ఎగరేసింది.
మూడోదాని సంగతి చెప్పను.
నాలుగోది, చెయ్యి తీసుడుతోనే
టక్కున తాళాన్ని బయటికి నెట్టింది.
హుస్నా పదిసార్లు నొక్కి చూసింది.

గంటును ఎవరూ పూడ్చలేదు.
కొత్త పిల్లలు వేలు పెట్టి లోతు చూస్తరు.
రిజిస్టరుకు పెన్ను కట్టినం.
అది కూడా పోయింది. మళ్ల కట్టినం.

ఆదివారం నాయినకు ఫోన్ చేసిన.
సాంచా ఆపినంకనే ఎత్తుతడు, ఎప్పుడూ అంతే,
ఏడెనిమిది సార్లు మోగుతది.
ఇన్నేండ్లు విసుక్కున్న ఆలస్యం.
"ఆఁ బిడ్డా" అన్నడు.
చుట్టూ పక్కోళ్ల సాంచాలు టకటకమంటుంటే
నడుమ ఒక్కటి చప్పుడు చేస్తలేదు.
ఈసారి దాన్నే విన్న.