ఫిర్యాదులు: ఒకటి

ఏప్రిల్ రెండో శనివారం
జడ్చర్ల ప్లాంటు క్యాంటీన్‌ల
బల్లలు గోడకు జరిపి తెల్లబట్ట కట్టిండ్రు.
పళనివేల్ సారు ఇంగ్లిష్‌ల మొదలువెట్టి
అరవం మీదుగ
తెలుగులకొచ్చి దిగిండు.

ఈ ఏడు మన డివిజను
నాలుగు లచ్చల పదకొండు వేల వాల్వు స్పూళ్లు పంపింది.
తెరమీద పచ్చగీత
మన్యంకొండ ఎక్కినట్టు ఎక్కింది,
జూన్‌ల ఒకపాలి కూసోని అలుపు తీర్చుకున్నది.
ఎందుకు కూసున్నదో సారు చెప్పలే.
ఆ నెల బోరు ఎండింది,
కూలెంటు కలపనీకె నీళ్ల ట్యాంకరు వస్తదని
మూడో షిఫ్టు మొత్తం గేటు దిక్కు చూసుకుంట నిలవడ్డది.

రిజెక్షను: సున్నా పాయింటు ఎనిమిది శాతం.
చప్పట్లు.
ఆ సున్నా వెనకున్న ఎర్రరంగు నాది.
పుల్లకు దూది చుట్టి, డబ్బాల ముంచి
మూడువేల మూడొందల ఇనుప పిల్లలకు
బొట్టు వెట్టి పక్కకు కూసోవెట్టింది నేనే.
ఎదురుంగ గేజి మేడమంటరు.
వెనక ఏమంటరో
వాష్‌రూం గోడకు తెలుసు.

కస్టమరు ఫిర్యాదులు: ఒకటి. ముగిసినది.
గుటక మింగినంతసేపు గూడ ఆగలే సారు,
తెర మారింది.

ఆ ఒక్కటి నాకు తెలుసు.

కురుమూర్తి జాతర, ఉద్దాలొచ్చే దినం.
గ్రైండింగు మిషను కాడ జంగిలప్ప
అప్పటికే చెప్పులు తొడిగి ఉన్నడు.
ఆఖరి పెట్టె. నలభై పీసులు.
ముప్పైతొమ్మిది గేజిల సర్రున దూరినయి.
నలభయ్యోది మొరాయించింది,
మూడు మైక్రాన్లు.

"వెంట్రుకను ఇరవై పాయలు జేస్తే ఒక్క పాయ, మేడం!
దానికొరకు మల్ల మిషను సెట్ చేస్తే
నా బస్సు పోతది.
మా మేనమామోళ్లు ఒక్కపొద్దుండి
దేవునికి ఉద్దాలు కుడతరు,
ఏ గేజి వెట్టి కుడతరు చెప్పు?
కాలికి బిగుతయిందని
సామి ఎన్నడన్న అన్నడా?"

నవ్వొచ్చింది నాకు.
ఆ నవ్వుల చెయ్యి జారింది.
వేడి మీదున్నది, చల్లబడితే సర్దుకుంటదిలే అని
పచ్చ ముద్ర కొట్టిన.

జనవరిల తిరిగొచ్చింది, నూనె కాయితంల చుట్టుకొని.
ఎక్కడనో బావి తవ్వే మిషను
బొక్కెన ఎత్తినకాడనే బిగుసుకపోయిందట.
కింద ఎవ్వరు లేరు.
కింద ఎవ్వరు లేరన్న లైను
నేను మూడుసార్లు చదివిన.

రిపోర్టుల ఐదుసార్లు ఎందుకని అడగాలె, అది రూలు.
ఎందుకు? కొలత తప్పింది.
ఎందుకు? పీసు వేడిగున్నది.
ఎందుకు? ఆగలే.
ఎందుకు? డిస్పాచి తొందర.
ఐదో ఎందుకు కాడ పెన్ను నిలవడ్డది.
బస్సని రాయాల్నా,
ఉద్దాలని రాయాల్నా,
నవ్విన్నని రాయనీకె ఆ గడిల జాగ సాలదు.
శిక్షణ లోపమని రాసిన.
ఆ శిక్షణ ఇచ్చింది నేను, తీసుకున్నది నేను,
సంతకం రెండు దిక్కుల నాదే.
ముగిసినది.

మీటింగు చివర
ఉత్తమ ఆపరేటరుకు స్టీలు టిఫిను డబ్బ ఇచ్చిండ్రు.
జంగిలప్ప రెండు చేతుల పట్టుకొని
నా దిక్కే చూసి నవ్విండు.
వాని దాక ఆ ముచ్చట పోనియ్యలే నేను.
మంచే చేసిన్నో, వానికి తెలువాల్సినదాన్నే
నేను దాసుకున్ననో.

నలభయ్యోది నా డ్రాయర్ల ఉన్నది.
పొద్దుగాల రూము ఇరవై డిగ్రీలకు రాంగనే
ముందుగాల దాన్నే కొలుస్త.
ఐదు నెలలాయె చల్లబడి.
మూడు మైక్రాన్లు మూడే ఉన్నయి.

సోమవారం కొత్త లాటు.
ఎర్రరంగు గడ్డకట్టింది,
కొంచెం తిన్నరు పోసి కలపాలె.