నాలుగూ నలభై

పర్లాకిమిడిలో పాత ఫోన్లకి ఒక వాసన ఉంటుంది.
నాది కొన్ననాడు కొబ్బరినూనె, కొంచెం గుడాకు.
దండాసి కొట్లో రెండువేల రెండువందలు.
గాజు మూల చిన్న పగులు, సాలీడు కాలంత.
"అన్నీ తుడిపేసినానక్కా, కొత్తదే అనుకో" అన్నాడు.

ఇంటికొచ్చి తెరిస్తే
తెరంతా ఒడియా.
గుండ్రటి గొడుగులు వేసుకుని
అక్షరాలు వానలో వరసకట్టినట్టు.
ఒడియాలో నేను బేరమాడతాను, తిడతాను,
పిండిమర దగ్గర కిలోకింత అని
ముప్పై ఏళ్లుగా లెక్క చెబుతున్నాను.
చదవడమే రాదు.
మా బడిలో తెలుగు పలకే ఇచ్చారు.

పక్కింటి ఫోన్నుంచి దండాసికి చేశాను.
నా తెర అతనికి కనబడదు,
కనబడేది నాకు అర్థం కాదు.
అంచేత లెక్కపెట్టి చెప్పాడు:
"పళ్లచక్రం బొమ్మ నొక్కు.
కిందకి జరుపు, అడుక్కంటా.
అడుగునుంచి మూడో వరస. అందులో మొదటిది.
భూగోళం వచ్చినాదా?"
రాలేదు. బ్యాటరీ బొమ్మొచ్చింది.
"అయితే ఎనక్కెళ్లు. నాలుగోది సూడు."
కరెంటు పోయిన ఇంట్లో మెట్లు దిగినట్టు
దిగాం ఇద్దరం, ఒకరి కాలొకరు తొక్కకుండా.
ఏడోసారికి
ఆ గొడుగుల గుంపులో
'తెలుగు',
రెండు కొమ్ములూ నిక్కబొడుచుకుని
సంతలో తప్పిపోయిన మేకపిల్లలా.

నెల తిరక్కుండా గొంతు పోయింది దానికి.
ఎవరు చేసినా దుప్పటి కిందనుంచి మాట్లాడుతున్నట్టే.
ఆపి వేశాను. సిమ్ము తీసి
కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను.
"సాఫ్ట్‌వేరు" అన్నాడు మా మేనల్లుడు తవిటినాయుడు,
వాడికి తలనొప్పొచ్చినా సాఫ్ట్‌వేరే.
దండాసి ఏమీ అనకుండా
అరిగిన పళ్లబ్రష్షుతో జల్లెడకన్నాలు గీకాడు.
బూడిదరంగు పొడి రాలింది.
వేలికద్దుకుని నాలిక మీద వేసుకున్నాడు.
"చోడిపిండి."
డబ్బులు తీసుకోలేదు.

ఇవన్నీ సరే.
తెల్లారగట్ల నాలుగూ నలభైకి అది మోగుతుంది.
నేను పెట్టలేదు.
ఆపితే ఆగుతుంది, మర్నాడు మళ్లీ.
అన్నీ తుడిపేసినవాడు దీన్నెలా వదిలాడో
వాడికే తెలియదు.
"రీసెట్టు కొడదునా అక్కా? మళ్లీ ఒడియా అయిపోద్ది మరి."
వద్దన్నాను. ఆ మెట్లు ఇంకోసారి దిగలేను.

మోగేటప్పుడు తెర మీద ఒక వరస వస్తుంది,
ఒడియాలోనే.
ఫోన్ భాష మారింది గాని
మనిషి రాసుకున్నది మారలేదు.
గోధుమలు పట్టించడానికొచ్చిన లిలిమాకి చూపించాను,
తొమ్మిదో తరగతి పిల్ల.
చదివి నవ్వింది. తరవాత నవ్వలేదు.
"ఆజి ఫోన్ కర. రాగిబు నాహిఁ."

ఇవాళ ఫోన్ చెయ్యి. కోప్పడకు.

ఎవరికని లేదు. రోజూ మోగేదానికి
'ఇవాళ' అని రాసుకున్నాడు, లేదా రాసుకుంది.
"తీసెయ్యనా మాఉసీ?"
పిల్ల వేలు చెత్తబుట్ట బొమ్మ మీదే ఉంది.
మర బెల్టు తిరుగుతోంది. సంచీ సగమైంది.
"ఉండనీ" అన్నాను, "కుళాయి వచ్చేదీ అప్పుడే కదా."
మా వీధిలో కుళాయి ఆరింటికి.

మా చెల్లెలు చిన్నమ్మడు పాతపట్నంలో ఉంటుంది.
ఏరు దాటితే ఆంధ్రా. ఆటోకి ఇరవై రూపాయలు.
మర వాటా దగ్గర మాట పోయి మూడేళ్లు.
దాని నంబరు ఏ ఫోన్లోనూ ఎక్కించలేదు నేను,
వేళ్లకి వచ్చు.

నాలుగూ నలభైకి ఎవరు లేస్తారు, ఎవరెత్తుతారు?
అనుకుంటూ రోజూ నొక్కేస్తున్నాను.
నిన్న నొక్కలేదు.
చీకట్లో పిండిడబ్బా మీద
వెలుగుతూ, కొంచెం కొంచెం జరుగుతూ,
నిమిషంపాటు మోగి
దానంతటదే ఊరుకుంది.
ఐదు నిమిషాల్లో మళ్లీ మోగుతానని
తెలుగులో రాసింది.